వాన రాదని నేను మాట పట్టిన వారం

ఆ రోజుల్లో రేపటి వాన సంగతి చెప్పడానికి ఇంతమంది మనుషులు లేరు. ఇప్పుడు టీవీ పెడితే ఒకమ్మాయి పటం ముందు నిలబడి, బంగాళాఖాతాన్ని వంటింటి గట్టులాగా అరచేత్తో తుడుస్తూ, ఇక్కడ మబ్బులు, అక్కడ ఎండ అని నవ్వుతూ చెప్పేసి వెళ్ళిపోతుంది. చెప్పింది జరక్కపోతే ఆ అమ్మాయిని నిలదీసేవాళ్ళు లేరు. మర్నాడు ఇంకో చీరలో వచ్చి ఇంకో మాట చెబుతుంది. ఆ అమ్మాయిని చూస్తే నాకు కోపం రాదు, అసూయ. ఎందుకంటే పంతొమ్మిదేళ్ళ వయసులో నేనూ ఒకసారి రాగల వారం రోజుల వాతావరణం చెప్పాను. చెప్పి వెళ్ళిపోనివ్వలేదు నన్ను. ఆ ఆకాశం కిందే కూర్చోబెట్టారు.

అరవయ్యో దశకం చివరి మాట. విజయనగరంలో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ మేడ మీద వాన కొలిచే పాత్ర ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే ఎక్కి, అందులో ఎంత నీరుందో చూసి, భూగోళం మేడమ్ గారి పుస్తకంలో రాయడం నా పని. (ఏడాదిలో ముప్పాతిక రోజులు సున్నా రాయడమే. ఒకనాడు 'కాకి తాగి ఉండవచ్చు' అని కూడా రాశాను, మేడమ్ ఎర్రసిరాతో కొట్టేశారు.) ఆ సున్నాలు రాసీ రాసీ నాకు ఆకాశం మీద ఒక అధికారం వచ్చేసిందని నమ్మకం కుదిరిపోయింది. హాస్టల్లో ఎవరైనా బట్టలు ఆరేసుకోవాలంటే నన్ను అడగాలి. అడక్కపోయినా చెప్పేదాన్ని.

నన్ను పెంచి చదివించింది మా మావ, అంటే అమ్మకి అన్న. నాన్నది రైల్వేలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో నేను చిన్నప్పటి నుంచీ మావ ఇంట్లోనే. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వస్తుంది ఆ ఊరు. ఆ ఊరి చివర మావకి పద్దెనిమిది ఉప్పుమళ్ళు ఉండేవి. ఉండేవి అంటే ఆయనవి కావు, కౌలువి. పోటు వచ్చినప్పుడు ఉప్పుటేటి నీళ్ళు కాలవలోకి మళ్ళించి, పెద్ద మడిలో కొన్నాళ్ళు చిక్కబడనిచ్చి, తరవాత చిన్నమళ్ళలోకి వదులుతారు. ఆ పైన మనుషులు చేసేది ఏమీ లేదు, ఎండా గాలీ చేస్తాయి. ముందు నీటి మీద పువ్వులాగా తెట్టు కడుతుంది. అది అడుక్కి దిగి, రోజు రోజుకీ గట్టిపడి, వేలెడు మందం పలక అవుతుంది. ఎన్నాళ్ళు ఆగితే అంత ఉప్పు, అంత పెద్ద ఉప్పుకల్లు. అయితే ఆగేవాడి గుండెలో ఒకటే గుబులు. ఒక్క వాన, అరగంట కొడితే చాలు, నెల్లాళ్ళ ఉప్పు మళ్ళీ నీళ్ళయిపోయి ఏటిలోకి పోతుంది. ముందే గీసేసి దిబ్బ మీద పోసి తాటాకులు కప్పేస్తే భయం లేదు, కానీ ఉప్పు తక్కువ, అదీ సన్నం.

కిందటేడు మావ ఆగాడు. ఫాల్గుణంలో వాన కొట్టి మొత్తం పోయింది. మళ్ళ కామందు శ్రీకాకుళంలో ఉండేవాడు, ఉగాదికి ఉగాదికి కౌలు తిరగరాసేవాడు. ఈసారి ఉగాది నాటికి దిబ్బ మీద మనిషెత్తు ఉప్పు లేకపోతే మళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని తన గుమస్తా చేత కబురు పంపాడు. (ఈ గుమస్తాని మేం గొడుగు గుమస్తా అనేవాళ్ళం. మండుటెండలోనూ, నీడలోనూ, ఇంట్లో కుర్చీలోనూ ఆయన గొడుగు ఆయనతో ఉండేది.) మళ్ళు పోతే మావ ఒక్కడే కాదు, ఆ మళ్ళలో పని చేసే ఎనిమిది కుటుంబాలూ వేరే ఊరు చూసుకోవాలి. నా కాలేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, ఎత్తక్కర్లేకుండానే నాకు తెలుసు.

పరీక్షలకి చదువుకోమని సెలవులిచ్చారు. ఆమదాలవలసలో రైలు దిగి, రెండు బస్సులు మారి, పుస్తకాల సంచీతో నేను ఇంటికి చేరింది ఒక ఆదివారం. పెరట్లో మామిడి పూత రాలి పిందెలు కట్టాయి. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. ఆ సాయంత్రం మావ తోలు చొక్కా తొడిగిన ట్రాన్సిస్టర్‌ని అరుగు మీద పెట్టాడు. పనివాళ్ళంతా వాకిట్లో కూర్చున్నారు. రైతుల కార్యక్రమం చివర రావలసిన మాట వచ్చింది. ఉత్తర కోస్తాలో రాగల వారం రోజులూ వాతావరణం చాలావరకు పొడిగా ఉంటుంది, ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడవచ్చు.

"ఒకటి రెండు సోట్లంటే ఏ సోట్లే?" అని మావ నన్నడిగాడు, నేనేదో ఆ రేడియోకి చుట్టాన్నయినట్టు.

నేను నోరు తెరిచేలోపలే వెనక నుంచి గాలప్ప అందుకుంది. గాలప్ప మళ్ళలో పనివాళ్ళకి పెద్ద. మా తాత కాలం నుంచీ ఉంది. గాలి వాసన చూసి వాన చెబుతుందని ఆ పేరు. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో.

"రేడియోకి ముక్కున్నాదేటి బాబూ? అదెక్కడో గదిలో కూకుని సెప్తన్నాది. పొద్దున్న నాను మడిలో సెయ్యెట్టినాను, నీరు జిడ్డు తేలినాది. పీతలు గట్టెక్కి బొరియలు మూసుకుంటన్నాయి. మూడ్రోజులు. మూడ్రోజుల్లో పడమటేపు నించి కొట్టేస్తాది. రేపే గీసీండి."

"పీతలు ఏ కాలేజీలో చదివాయి అప్పా?" అన్నాను నేను.

"నువ్వూ పీతవైతే బాగుణ్ణు గుంటా. బొరియలోకెల్లి నోరు మూసుకుందువు."

వాకిలంతా నవ్వింది. నవ్వితే నేను ఆగను, అది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అరుగు మీద నిలబడి గాలి పీడనం గురించి, తేమ గురించి, మా మేడ మీది పాత్ర గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఈ నెలంతా అందులో సున్నాయేనని చెప్పాను. (ఆ పాత్ర విజయనగరంలో ఉందని, మళ్ళు ఇక్కడున్నాయని అప్పుడు తోచలేదు.) శాస్త్రం తెలిసినవాళ్ళు పొడి అంటే పొడే, ఇంకో వారం ఆగి తీరాలి అన్నాను.

గాలప్ప అంతా విని, నెమ్మదిగా అంది. "అయితే మాట పట్టు."

"పడతాను" అన్నాను.

ఏం పట్టాలో నాకు తెలీదు. ఎదటివాళ్ళు 'అయితే' అంటే 'సరే' అనెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. (పెళ్ళి కూడా అలాగే చేసుకున్నాను.) వాకిలి ఒక్కసారిగా చల్లబడిపోవడం చూసి, అప్పుడడిగాను, ఏమిటది అని. మావ తల దించుకుని చెప్పాడు. ఆ మళ్ళలో పాత కట్టుబాటు. ఉప్పు ఎదిగాక, వాన రాదు ఆగండి అని ఎవరు అంటారో వాళ్ళు మాట పట్టినట్టు. ఆనాటి నుంచి పొద్దు పొడిచి పొద్దు గూకేదాకా వాళ్ళు మడిగట్టు దిగకూడదు. చెప్పుల్లేవు, గొడుగు లేదు. ఏ ఆకాశానికి పూచీ పడ్డారో ఆ ఆకాశం కిందే ఉండాలి. ఎదురు చెప్పినవాళ్ళూ సాక్షిగా పక్కనే కూర్చోవాలి, కానీ వాన గురించి పల్లెత్తు మాట అనకూడదు. సాక్షే కాదు, ఎవరూ అనకూడదు. మాట పట్టినవాళ్ళకి మనసు మారితే తామే చెక్కపార పట్టుకుని, (అంటే పొడుగాటి కర్రకి అడ్డంగా పలక కొట్టినది,) మడిలోకి దిగి, ఉప్పుని మొదట తామే పగలగొట్టాలి. అందాకా ఆసామీ అయినా సరే మడిలో కాలు పెట్టకూడదు. ఎవరో చెప్పారని ఆగి, ఇంకెవరో చెప్పారని గీసి, చివరికి ఒకరినొకరు తిట్టుకునే తగువు లేకుండా పెద్దలు పెట్టుకున్న ఏర్పాటట. కిందటేడు మాట పట్టింది మావే. అందుకే ఈ ఏడు పట్టడానికి ఊళ్ళో ఒక్క మగాడు ముందుకు రాలేదు.

"ఆడపిల్ల, పరీక్షలున్నాయి, ఒగ్గీయండి" అన్నారెవరో. మావ ఒగ్గీయలేదు. ఆయనకి ఆగాలని ప్రాణం కొట్టుకుంటోంది, ఆగమని చెప్పే నోరు ఒకటి కావాలి. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. అప్పుడు మాత్రం నా చదువు మీద గౌరవం అనుకున్నాను.

"మంచిదే" అంది అత్త లోపల నుంచి. "వారం రోజులు ఇల్లు పెసాంతంగా ఉంటాది."

మర్నాడు తెల్లారేసరికి గట్టు మీద ఉన్నాను. పక్కన చరిత్ర పుస్తకం, ఇంకో పక్క గాలప్ప. ఉప్పుమళ్ళ మధ్య ఎండ పై నుంచి మాత్రమే కాదు, కింద నుంచీ కొడుతుంది. తెల్లటి మళ్ళలో పడి లేచి కళ్ళలోకి వస్తుంది. పుస్తకంలో అక్షరాలు కనిపించవు. కనిపించినా ఏం లాభం, నా చూపంతా పైనే. అంతకు ముందు నాకు మబ్బు అంటే మబ్బే. ఆ రోజు నుంచి ప్రతి మబ్బుకీ ఒక నడవడి, ఒక ఉద్దేశం కనిపించాయి. దూదిపింజంత తెల్లమబ్బు సముద్రం మీద లేచినా అది చెదిరిపోయేదాకా పుస్తకంలో పేజీ తిప్పేదాన్ని కాదు. గాలప్ప మాత్రం తాటాకు చీల్చి చాప అల్లుకుంటూ, పైకి చూసేదే కాదు. అప్పుడప్పుడు ముక్కు ఎగబీల్చేది. అంతే. ఆ ఎగబీల్పు వినిపించినప్పుడల్లా నేను మొగలు చక్రవర్తుల్లో ఒకణ్ణి మర్చిపోయేదాన్ని.

"అప్పా, నీకు జలుబా?"

"కాదు."

"మరి?"

"ముక్కున్నాది, పీలుస్తన్నాను. అదీ తప్పేటి?"

రెండో రోజు మధ్యాహ్నం బస్సు రోడ్డు మీద ఆగింది. మళ్ళ పక్క నుంచే ఆ రోడ్డు. కండక్టరు తల బయటపెట్టి అరిచాడు. "విజయనగరంలో వానమ్మా! కోట కాడ నీళ్ళు నిలబడిపోనాయి!" (ఊళ్ళో కట్టుబాటు బస్సువాళ్ళకి వర్తించదు.) నా పాత్రలో సున్నా చెరిగిపోయింది. కానీ నా బుర్ర తన అలవాటు ప్రకారం వాదన వెతుక్కుంది. ఒకటి రెండు చోట్ల అన్నారు కదా, ఇదిగో ఒక చోటు. మూడో రోజు అదే కండక్టరు, ఆమదాలవలస స్టేషన్లో జల్లు పడిందని, ధాన్యం బస్తాల మీద పట్టాలు కప్పుకుంటున్నారని చెప్పాడు. నేను గట్టు మీద లేచి నిలబడ్డాను. రెండో చోటు!

"అయిపోయింది!" అని అరిచాను. "ఒకటి, రెండు! రెండు చోట్లూ అయిపోయాయి. ఇంక మన దగ్గర పడ్డానికి వాన మిగల్లేదు!"

ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. కానీ మీరు నమ్మండి నమ్మకపొండి, గట్ల మీద ఉన్న ఇరవైమందీ ఆ లెక్కకి తలలూపారు. ఒకాయన మాత్రం, (పడిపోయిన వాన గురించి అడగొచ్చునట,) ఆమదాలవలసలో పడింది నాలుగు చినుకులేనట కదా, దాన్ని ఒక చోటు కింద జమకట్టొచ్చా అని ధర్మసందేహం లేవదీశాడు. తేలికపాటి జల్లు అన్నారు, నాలుగు చినుకుల కంటే తేలిక ఏముంటుంది అని నేను తీర్పు చెప్పాను. దాంతో అందరికీ ఊరట కలిగింది. ఆ పూట అత్త నాకు కంచం నిండా అన్నం, పెసరపప్పు, మామిడి పిందెల ఊరగాయ పంపింది. పొద్దు గూకింది. గాలప్ప చెప్పిన మూడో రోజు చుక్క పడకుండా దాటిపోయింది.

"మూడో రోజు అయిపోయింది అప్పా."

గాలప్ప చాప చుట్టి చంకన పెట్టుకుంది. ఇంటిదారి పట్టింది. తిట్టి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని.

నాలుగో రోజు మావ వచ్చాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, మడిలోకి కాలు పెట్టకుండా చెయ్యి మాత్రం చాచి, అంచు నుంచి ఒక పెళ్ళ లేవదీశాడు. వేలెడు మందం. ఉప్పుకల్లు ఒక్కొక్కటీ చింతగింజంత. ఆయన మొహంలో అంత ఆశ నేను అంతవరకూ చూడలేదు, తరవాత కూడా చూడలేదు. పెళ్ళని వచ్చినచోటే పెట్టేసి, పడమరకేసి చూసి, నాకేసి చూశాడు. అడక్కూడదు. అందుకని, "అన్నం తిన్నావేటే?" అన్నాడు. తిన్నానన్నాను. కాసేపాగి, "బాగా తిన్నావా?" అన్నాడు. వెళ్ళే ముందు ఇంకో రెండుసార్లు అడిగాడు. నాకు ఆ పూట మొదటిసారి భయం వేసింది. వానకి కాదు. ఈయన నా మాట నిజంగా నమ్ముతున్నాడని.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయింది. రోజూ ఆ వేళకి సముద్రం మీద నుంచి గాలి లేచేది, లేవలేదు. మళ్ళలో నీరు అద్దంలా నిలబడిపోయింది. గాలప్ప అల్లిక ఆపింది. నేను పడమటికి తిరిగి చూశాను. కొండల వెనక నుంచి ఒక మబ్బు లేస్తోంది. మబ్బు అంటే మబ్బు కాదు, పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులాంటిది. చూస్తూండగా సగం ఆకాశం ఎక్కేసింది. ఇళ్ళల్లోంచి ఒక్కొక్కళ్ళే వచ్చి గట్ల మీద నిలబడ్డారు. మగవాళ్ళ భుజాల మీద చెక్కపారలు, ఆడవాళ్ళ చంకల్లో తట్టలు. ఎవరూ నోరు విప్పలేదు. అనకూడదు కదా. మావ నాకు వీపు పెట్టి, కాలవ పక్కన కూర్చున్నాడు. నన్ను చూస్తే అనేస్తానని భయం అనుకుంటాను.

"అప్పా" అన్నాను. "నీ ముక్కు ఏం చెబుతోంది?"

"నాను సెప్పకూడదు."

"చెప్పకు. పీల్చు. నేను వింటాను."

"పీల్చను" అంది గాలప్ప. ఆవిడ మొహం చూశాను. ఆవిడ కూడా బిక్కచచ్చిపోయి ఉంది. ఇద్దరు మనవలు ఆ గట్టు మీదే తట్టలతో నిలబడ్డారు. తన మాట నెగ్గితే తన కూడే పోతుంది. ఈ అయిదు రోజులూ ఆవిడ నా ఓటమి కోసం కూర్చుందనుకున్నాను. కాదు.

కానీ పంతం అంత తేలిగ్గా చచ్చేది కాదు. రెండు చోట్లూ అయిపోయాయి కదా అని లోపల నుంచి ఒక గొంతు ఇంకా వాదిస్తూనే ఉంది. నువ్వు ఇప్పుడు పార పట్టుకుంటే ఈ ఊరు నిన్ను జీవితాంతం ఆడిపోసుకుంటుంది అంటోంది. పట్టుకోకపోతే అంటే, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. ఉరిమింది. దూరంగానే, కానీ కాళ్ళ కింద గట్టు అదిరినట్టు తెలిసింది. మావ వీపు ఒక్కసారి ఉలిక్కిపడింది. అంతే. ఆ వీపు నన్ను లేవదీసింది. పక్కనున్న ఒకాయన భుజం మీద నుంచి చెక్కపార లాక్కుని, లంగా దోపుకుని మడిలోకి దూకాను. దూకానన్నది మర్యాదకి, పడ్డాను. లేచి, బలం కొద్దీ ఆ పలక మీద కొట్టాను. ఉప్పు పగిలిన చప్పుడు ఇప్పటికీ నాకు తెలుసు.

"గీసీండి!" అని అరిచాను. "గీసీండి, ఏటలా సూస్తన్నారు, గీసీండి!" (మూడేళ్ళ హాస్టల్ తెలుగు ఆ ఒక్క అరుపులో కొట్టుకుపోయింది.)

ఇరవైమందీ ఒక్కసారి దిగారు. తరవాత రెండు గంటలు ఎవరు ఎవరో తెలీలేదు. మగవాళ్ళు గీసి కుప్పలు లాగుతుంటే, ఆడవాళ్ళు తట్టలకెత్తి దిబ్బ మీదకి పరుగు. అత్త పొయ్యి మీద పులుసు వదిలేసి వచ్చేసింది. ఉప్పు పెళ్ళలు నా అరికాళ్ళని కోసేశాయి, కోసిన చోట ఉప్పునీరు దిగింది, నేను ఏడుస్తూ తిడుతూ తిడుతూ ఏడుస్తూ గీస్తున్నాను. మబ్బు నెత్తి మీదకి వచ్చేసింది. చీకటి పడ్డట్టయింది. "తాటాకులు! తాటాకులు!" అని మావ అరుపు. ఆఖరి మడి ఆఖరి తట్ట దిబ్బ ఎక్కడం, ఆకులు కప్పి తాళ్ళు బిగించడం, అంతా అయ్యాక మేమంతా వగరుస్తూ దిబ్బ చుట్టూ నిలబడి, తలలెత్తి చూశాం. రానీ ఇప్పుడు, అన్నట్టు.

ముక్కు మీద ఒక చినుకు పడింది నాకు. ఒకటి. ఆ అయిదు రోజులూ వాన రాకూడదని కోరుకున్న దాన్ని, ఆ క్షణంలో కొట్టు తల్లీ, కుండపోతగా కొట్టు అని మనసులో దండం పెట్టుకున్నాను. మబ్బు మమ్మల్ని కాసేపు చూసింది. తరవాత నెమ్మదిగా ఉత్తరానికి తిరిగి, వెళ్ళిపోయింది. దాని వెనకాలే ఎండ వచ్చింది. అంత తెల్లటి ఎండని నేను జన్మలో చూడలేదు.

అప్పుడు గాలప్ప నాకేసి తిరిగింది.

"వాన రాదన్నావు, రాలేదు. మరెందుకు గీసినావే?"

"నువ్వు వస్తుందన్నావు, రాలేదు. నువ్వెందుకు తట్ట మోశావు?"

"నువ్వు గీసినావు గనక!"

"నువ్వు పీల్చనన్నావు గనక!"

మావ మా ఇద్దరినీ దాటుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళి, దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఉప్పు ఆయన గుండెల దాకా వచ్చింది. మనిషెత్తు కాదు. ఆ వారం చివరిదాకా ఆగి ఉంటే తల దాటేదేమో. ఆయన నన్నొక్క మాట అనలేదు. తలగుడ్డతో మొహం తుడుచుకుని ఇంటికి వెళ్ళి, అన్నం వద్దని పడుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నాకు వాదించడానికి మనిషి దొరకలేదు.

మర్నాడు నేను గట్టు మీదకి వెళ్ళక్కర్లేదు, నా మాట తీరిపోయింది. అయినా తెల్లారకుండా వెళ్ళాను. కుంటుకుంటూ వెళ్ళేసరికి గాలప్ప అప్పటికే పలుగుతో కాలవ మూసిన మట్టిని తవ్వుతోంది.

"ఏం చేస్తున్నావప్పా?"

"ఉగాదికి పన్నెండు రోజులున్నాది. గీసిన మడి యేడి మీదున్నాది. సిక్కటి నీరు ఇప్పుడే ఒగ్గితే బేగి పువ్వేస్తాది. మళ్ళీ ఒక పలక, సన్నదో సితకదో, వస్తాది. వాన పడకపోతేనే." పలుగు ఆపి నన్ను చూసింది. "పడతాదంటావా?"

"రేడియోలో..."

"రేడియోనొగ్గీ. నువ్వు సెప్పు."

పడమరకేసి చూశాను. నిన్నటి మబ్బు పోయిన దారి అంతా శుభ్రంగా, నీలంగా ఉంది. దాని మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"నాకు తెలీదప్పా" అన్నాను.

"నాకూ తెల్దు" అంది గాలప్ప. అని, ఇంకో పలుగు నా వైపు తోసింది.

ఆ పన్నెండు రోజులూ ఎవరూ మాట పట్టలేదు. పట్టమని ఎవరూ అడగలేదు. కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని నేను కాలవ పని చేశాను, మధ్యాహ్నాలు చరిత్ర చదివాను. ఊళ్ళో ఒక్కరు కూడా రేడియో పెట్టలేదు. ఒక్క చుక్క పడలేదు. (అంటే నేను మొదట చెప్పింది అక్షరాలా నిజమయింది. ఈ సంగతి మావ ఇంట్లో నేను ఇప్పటికి నలభైసార్లు చెప్పి ఉంటాను. నలభైసార్లూ అత్త, "అయితే గీసినావేలా?" అనే అంది.) ఉగాది ముందు రోజు మళ్ళీ గీశాం. సన్నటి ఉప్పు, పిండిలాంటిది. దిబ్బ మీద పోస్తే మావ గెడ్డం దాకా వచ్చింది. గెడ్డం దాకానే.

ఆ సాయంత్రం గొడుగు గుమస్తా వచ్చాడు. దిబ్బ చుట్టూ తిరిగి, మావని పక్కన నిలబెట్టి చూసి, నాలిక చప్పరించాడు. "మనిషెత్తు అన్నాం కదా" అన్నాడు. మావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక ఎనిమిది కుటుంబాలు. గాలప్ప మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"గుమస్తాగారూ" అన్నాను, "మనిషెత్తు అన్నారు గాని మా మావెత్తు అనలేదు కదండీ. ఆ మాట పట్టుకొచ్చింది మీరు. కొలిస్తే తెచ్చిన మనిషితోనే కొలవాలి. కాస్త ఇలా వచ్చి నిలబడండి."

ఆయన నిలబడ్డాడు. గొడుగు తీసెయ్యమన్నాను, తీసేశాడు. ఉప్పు ఆయన నెత్తి మీద నుంచి నాలుగు వేళ్ళు పైకి ఉంది. ఆయన పొట్టివాడన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకి తప్ప. అలా కాదనడానికి లేదు, అంటే తను మనిషి కాదని ఒప్పుకోవాలి. చాలాసేపు దిబ్బకేసి, నాకేసి, గాలప్పకేసి చూశాడు. గాలప్ప అప్పుడు గట్టిగా, పొడుగ్గా ముక్కు పీల్చింది. ఏమనుకున్నాడో ఏమో, వాన వచ్చేలా ఉంది పోదాం అని గబగబా గొడుగు విప్పుకుని, కౌలు కాగితం మావ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

చరిత్రలో పాసయ్యాను, మొగలాయీలు పూర్తిగా రాకపోయినా. ఆ తరవాత పై చదువులు, ఉద్యోగం, సంసారం. నా నోటికి ఏం తగ్గలేదు. ఆఫీసులో, ఇంట్లో, బస్సులో, ఎదురింటావిడతో, నాకు తెలిసిన విషయాల్లోనూ తెలియని విషయాల్లోనూ సమానమైన ధాటితో వాదిస్తూనే వచ్చాను, గెలుస్తూనే వచ్చాను కూడా. 'నాకు తెలీదు' అని నిండు మనసుతో అన్నది మాత్రం ఆ పొద్దున్న కాలవ దగ్గరే. ఎప్పుడైనా తోచని సాయంత్రాల్లో ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లని ఒకసారి చూడాలనిపిస్తుంది. అరికాళ్ళకి గుడ్డలు చుట్టుకుని, లంగా దోపుకుని, తనకి రాని పలుగుతో అడ్డదిడ్డంగా మట్టి తవ్వుతూ కనిపిస్తుంది. పిలిస్తే పలకదు. పనిలో ఉంది.